శికంజా చెప్పిన పాఠము

మా కళాశాలలో రెండు భాషలు పక్కపక్కనే నడుస్తాయి. ఒకే బల్లమీద ఒకరు కుడినుండి ఎడమకు వ్రాస్తుంటే, మరొకరు ఎడమనుండి కుడికి వ్రాస్తుంటారు. వర్క్‌షాపులో మాత్రము ఈ రెండు భాషలు పక్కపక్కన నడవవు. ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. మూలమట్టమును అక్కడ అందరమూ గునియా అనే అంటాము. పనిముక్కను పట్టి బిగించే వైస్‌కు మా ఉస్తాద్‌సాబ్ వాడే పేరు శికంజా. ఆ మాటకు ఉర్దూలో మరొక అర్థము కూడ గలదు: మనిషిని బిగించి బాధపెట్టే యంత్రము. గడచిన విద్యాసంవత్సరములో మా వర్క్‌షాపు శికంజా మమ్మును అట్లే బిగించి మాచేత ఒక నిజము ఒప్పించినది. ఆ సంగతిని మిత్రులతో పంచుకొనుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

మేము నలుగురము. మెకానికల్ శాఖలో చివరి సంవత్సరము విద్యార్థులము. వర్క్‌షాపులో కిటికీ పక్కన ఒక చిన్న మిల్లింగ్ యంత్రము, దాని బల్లమీద 100 మి.మీ. వెడల్పు దవడలు గల పోత ఇనుప వైస్ ఒకటి ఉన్నవి. చిన్న తరగతుల వారు చేసిన పనిముక్కలను కొలిచి రిజిస్టరులో వ్రాసే బాధ్యతను ఉస్తాద్‌సాబ్ మాకు అప్పగించారు. ఆయన అప్పగించినది కొలిచే పని మాత్రమే. తీర్పు చెప్పే పనిని మేమే మీద వేసుకొన్నాము.

రెండవ సంవత్సరము చదివే ఒక సోదరునికి ఆ నెలలో ఉక్కు దిమ్మ చేసే పని వచ్చినది. పొడవు 60 మి.మీ., వెడల్పు 40 మి.మీ., మందము 25 మి.మీ. మందములో 0.05 మి.మీ. వరకు హెచ్చుతగ్గులు ఒప్పుకొంటారు. అతని దిమ్మను కొలిస్తే ఒక అంచున 25.00, ఎదుటి అంచున 24.88 వచ్చినది. రెండవ దిమ్మ చేయించాము. అదీ అంతే. మూడవదీ అంతే. "అన్నా, నేను తుడిచే బిగించాను. రెండుసార్లు చూసుకొన్నాను" అన్నాడు అతడు. అతని తండ్రి తమ ఊరిలో సైకిలు రిపేరు దుకాణము నడుపుతారని మాకు తెలుసు. మాలో ఒకరు "ఇది సైకిలు దుకాణము కాదు తమ్ముడూ" అన్నారు. మిగిలిన ముగ్గురము నవ్వాము. రిజిస్టరులో అతని పేరుకు ఎదురుగా ఎర్రసిరాతో "అజాగ్రత్త" అని వ్రాశాము. ఆ మాట అన్నది ఎవరో ఇక్కడ చెప్పము. నవ్వు నలుగురిదీ కనుక మాట కూడ నలుగురిదే.

మరునాటినుండి అతడు వర్క్‌షాపునకు రాలేదు. తరగతులకు వచ్చేవాడు, వెనుక బల్లమీద కూర్చొనేవాడు, గంట కాగానే వెళ్లిపోయేవాడు. మేము పట్టించుకోలేదు.

పది దినముల తరువాత వార్షిక ప్రదర్శనకై చిన్న చేతి ప్రెస్సు నమూనా ఒకటి తయారుచేయ సంకల్పించాము. దాని పీఠమునకు కావలసిన దిమ్మను అదే యంత్రముమీద, అదే వైస్‌లో పట్టి, మిక్కిలి శ్రద్ధతో కోశాము. ఒక అంచున 25.00. ఎదుటి అంచున 24.89. మరల కోశాము. మరొకరు కోశారు. నలుగురమూ వంతులవారీగా కోశాము. ప్రతిసారి పలుచనైనది ఒకే అంచు, అనగా వైస్‌లో కదిలే దవడ వైపున ఉన్న అంచు.

ఉస్తాద్‌సాబ్ మా దిమ్మలను వరుసగా బల్లమీద పేర్చి చూశారు. ఆయన ఎన్నడూ గట్టిగా మాట్లాడరు. "నలుగురు మనుషులు, నలుగురూ ఒకే వైపు అజాగ్రత్తగా ఉంటారా బేటా?" అని మాత్రము అడిగారు. తరువాత రిజిస్టరు తెరచి, ఎర్రసిరాతో వ్రాసిన ఆ ఒక్క పదముమీద వ్రేలుంచి, ఏమియూ అనక వెళ్లిపోయారు.

ఆ సాయంత్రము మాకు తట్టిన విషయము చాల చిన్నది. మనిషి అజాగ్రత్త నలువైపులకూ తప్పుతుంది. ఒకనాడు ఎక్కువ, ఒకనాడు తక్కువ. ఎవరు చేసినా, ఎన్నిసార్లు చేసినా తప్పు ఒకే వైపునకు, ఒకే కొలతతో వస్తున్నదంటే దోషము చేతిలో లేదు. ఆ చేతికి ఇచ్చిన ఆసనములో ఉన్నది. ఆ సోదరుని మూడు దిమ్మలు మూడు మారులు ఇదే చెప్పినవి. మేము అంకెలు వ్రాసుకొన్నాము కాని చదవలేదు.

సాహిత్య, వాణిజ్య శాఖల మిత్రులకై ఇక్కడ కొంత వివరించవలసియున్నది. లేతు యంత్రములో పనిముక్క తిరుగుతుంది, పనిముట్టు నిలిచియుంటుంది. మిల్లింగ్ యంత్రములో పళ్లుగల కట్టరు తిరుగుతుంది, పనిముక్క బల్లతో కూడ దాని కిందికి జరుగుతుంది. అమెరికాలో జోసెఫ్ బ్రౌన్ అనే ఆయన 1862లో రూపొందించిన యూనివర్సల్ మిల్లింగ్ యంత్రము ఈ విద్యలో ఒక మైలురాయి. డ్రిల్లులకు మెలిక గాడులు కోయుట దాని తొలి ప్రయోజనములలో ఒకటి. మన జంటనగరములకు కూడ ఈ విద్య కొత్తది కాదు. సికింద్రాబాదులో ప్రాగా టూల్స్ వెలసినది 1943లో. అయితే యంత్రము ఎంత గొప్పదైనా, కట్టరు ఎంత పదునైనదైనా, పనిముక్కను పట్టియుంచునది వైస్. వైస్‌కు రెండు దవడలు. ఒకటి స్థిరమైనది, కదలదు. రెండవది మరతో ముందుకు వచ్చి పనిముక్కను మొదటిదానికి ఆనించి అదుముతుంది. యంత్రపు నిక్కచ్చితనము పనిముక్కకు చేరవలసినది ఈ రెండు దవడల మధ్యనుండియే. అక్కడ వంకర ఉంటే యంత్రము ఆ వంకరనే మిక్కిలి నిక్కచ్చిగా కోసిపెడుతుంది.

మరునాడు వైస్‌ను బల్లమీదినుండి దింపి పూర్తిగా విప్పాము. కొన్ననాటినుండి దానిని ఎవరూ విప్పినట్లు లేదు. తుప్పు పట్టకుండా పూసిన గ్రీజు గట్టిపడి జిగురుగా మారినది. దానిలో లోహపు రజను అంటుకొని ఆకురాయివలె గరగరలాడుతున్నది. మూలలలో పోతపోసినప్పటి ఇసుక రేణువులు ఉన్నవి. రంగు వేసినవారు దవడలు జారే దారిమీద కూడ కొంత రంగు ఒలికించినారు. ప్రతి భాగమును కిరసనాయిలుతో కడిగి, బ్రష్షుతో తోమి, గుడ్డతో తుడిచి ఆరబెట్టాము. అంచులలో చేతికి గుచ్చుకొనే బర్రులను సన్నని ఆకురాయితో తీశాము. చదునైన ముఖములమీద ఆకురాయి వాడలేదు. నూనె వేసిన చదునైన సానరాయిని తేలికగా త్రిప్పాము. సానరాయి చదునును పాడుచేయదు, పైకి లేచిన గీరలను మాత్రమే తీసివేస్తుంది.

తరువాత మాలో ఒకరు వెంటనే బాగుచేయుటకు పూనుకొనబోగా ఉస్తాద్‌సాబ్ ఆపారు. "మొదట కొలవండి. కొలవకుండా రుద్దితే ఉన్న దోషము పోదు, లేని దోషము వస్తుంది" అన్నారు. కొలిచే ముందు కొలిచే ఆధారమే సరిగా ఉన్నదో లేదో చూడవలెను. కనుక మొదట యంత్రమునే పరీక్షించాము. కట్టరు ఉండే చోట డయల్ గేజ్ అమర్చి, ఖాళీ బల్లమీద 150 మి.మీ. వ్యాసము గల వలయములో చేతితో త్రిప్పాము. నాలుగు దిక్కుల మధ్య తేడా 0.02 మి.మీ. మాత్రమే కనబడినది. యంత్రపు తల పైకి కిందికి జరిగే మార్గమును నమ్మకమైన గునియాతో చూశాము. అదియూ సరిగానే ఉన్నది. ఇక తప్పు యంత్రముపై నెట్టుటకు వీలులేకపోయినది.

వైస్‌లో మూడు దోషములు దొరికినవి. వాటిని వరుసగా చెబుతాము.

మొదటిది అడుగుభాగము. వైస్ అడుగు, దవడ జారే పైదారి, ఈ రెండూ ఒకదానికొకటి సమాంతరముగా ఉండవలెను. సర్ఫేస్ ప్లేటుమీద వైస్‌ను నిలిపి, పైదారిమీద డయల్ గేజ్ నడిపితే 100 మి.మీ. దూరములో 0.04 మి.మీ. తేడా చూపినది. ఇది దవడల పొడవు వెంట ఉన్న దోషము. 60 మి.మీ. దిమ్మకు వచ్చేసరికి దీని ప్రభావము 0.025 మి.మీ. లోపునే ఉంటుంది. ఒప్పుకొన్న హద్దులో దాగియుండుటచేత ఇంతకాలము ఎవరి కంటా పడలేదు. సర్ఫేస్ ప్లేటుకు ప్రష్యన్ బ్లూ అనే నీలిరంగును పలుచగా పూసి వైస్ అడుగును దానిమీద జరిపితే, ఎత్తుగా ఉన్న చోట్లకు మాత్రమే నీలము అంటినది. ఒక మూల పెద్ద మచ్చ. ఎప్పుడో వైస్ కింద రజను ఉండగానే బిగించినందున అక్కడ లోహము నొక్కుకొని చుట్టూ ఉబ్బినది. ఆ ఉబ్బును స్క్రేపరుతో కొద్దికొద్దిగా గీకి, మరల నీలము పట్టించి, మరల గీకాము. మూడు సాయంత్రములు పట్టినది. నీలపు మచ్చలు అడుగంతటా చిన్నచిన్నవిగా పరచుకొన్ననాడు తేడా 0.01 మి.మీ.కు దిగినది.

ఆ మూడు సాయంత్రములలో ఉస్తాద్‌సాబ్ మాకు జోసెఫ్ విట్‌వర్త్ సంగతి చెప్పారు. చదునైన లోహఫలకములను తయారుచేసే పద్ధతినిగూర్చి ఆయన 1840లో గ్లాస్గో నగరములో శాస్త్రజ్ఞుల సభ యెదుట వివరించినారు. ముందుగా చదునైన నమూనా ఏదియూ చేతిలో లేకుండా చదునును పుట్టించుట ఎట్లు? రెండు ఫలకములను ఒకదానితో ఒకటి సరిపోయేవరకు గీకినంత మాత్రాన చాలదు. ఒకటి కొంచెము ఉబ్బుగా, రెండవది అంతే గుంటగా ఉన్నప్పటికీ అవి చక్కగా అతుకుకొంటాయి. రెండూ ఏకీభవిస్తాయి, రెండూ తప్పే. అందువలన మూడవ ఫలకము కావలెను. మూడింటిలో ఏ రెండు తీసుకొన్నా సరిపోయినప్పుడు మాత్రమే మూడూ చదునైనవని అర్థము. ఈ మాట వింటూ మేము ఒకరి ముఖము ఒకరము చూసుకొన్నాము. ఆనాడు రిజిస్టరు దగ్గర మేము నలుగురమూ చక్కగా ఏకీభవించాము. మూడవ ఫలకమువంటి ఆ సోదరుని మాటకు మాత్రము చోటివ్వలేదు.

రెండవ దోషము స్థిరమైన దవడలో కనబడినది. దవడకు గట్టి ఉక్కు పలక ఒకటి రెండు మరలతో బిగించబడియుంటుంది. ఆ పలక ముఖము జారుదారికి నిట్టనిలువుగా ఉండవలెను. డయల్ గేజ్‌ను ఆ ముఖమునకు ఆనించి యంత్రపు తలను మెల్లగా దింపాము. 35 మి.మీ. ఎత్తులో 0.05 మి.మీ. తేడా. పలక పైఅంచు వెనుకకు వాలియున్నది. పలకను విప్పి చూస్తే కారణము వెంటనే తెలిసినది. దాని వెనుక కింది అంచున ఎండిన రంగు పొర, మర రంధ్రము చుట్టూ ఒక బర్రు. వీటివలన పలక కిందిభాగము ముందుకు తోసుకొని వచ్చి, పైభాగము వెనుకకు వాలినది. గోటితో గీరితే రాలే రంగుపొర కొలతను ఎంత చెరచునో ఆనాడు చూశాము. ఆ చోటును శుభ్రము చేసి, సానరాయితో తుడిచి పలకను మరల బిగిస్తే తేడా 0.01 మి.మీ. అయినది. వెంటనే ఒక దిమ్మ కోసి చూశాము. అంచుల తేడా 0.12 నుండి 0.08కి తగ్గినది. సంతోషించాము, కాని చాలలేదు.

మూడవదే అసలు దోషము. అది కదిలే దవడలో ఉన్నది. ఆ దవడ పైన డయల్ గేజ్ సూదిని ఆనించి, మధ్యలో దిమ్మను పెట్టి, మర బిగించాము. మర బిగిసేకొద్దీ సూది కదిలినది. దవడ ముందుకు పోవుటతోపాటు పైకి కూడ లేస్తున్నది. మొత్తము 0.12 మి.మీ. మనిషి తలవెంట్రుక మందము సుమారు 0.05 నుండి 0.1 మి.మీ. వరకు ఉంటుందంటారు. ఒక వెంట్రుక దూరేటంతగా దవడ లేచి, తనతోపాటు దిమ్మ అంచును కూడ లేపుతున్నది. లేచిన అంచు కట్టరుకు దగ్గరగా పోవుటచేత అక్కడ ఎక్కువ కోత పడుతుంది. వైస్ వదలగానే దిమ్మ ఆ వైపున పలుచగా తేలుతుంది. స్థిరమైన దవడ వెనుకకు వాలుట, కదిలే దవడ పైకి లేచుట, ఈ రెండు దోషములు ఒకే వైపునకు చేతులు కలిపి ఆ సోదరుని దిమ్మను చెరచినవి.

ఇట్లు లేచుటకు కారణము సులభముగా అర్థమయ్యేదే. మర దవడను నెట్టే చోటు కింద ఉన్నది. పనిముక్క ఎదురు నెట్టే చోటు పైన ఉన్నది. ఈ రెండు బలములు ఒకే రేఖమీద లేనందున దవడ ముందుభాగము లేచి వెనుకకు తిరగబోతుంది. దానిని ఆపవలసినది దవడకు అడుగున బిగించిన పట్టీ. అది జారుదారి అడుగుముఖమును ఆనుకొని దవడను కిందికి పట్టియుంచవలెను. మా వైస్‌లో పట్టీకి, జారుదారి అడుగుకు మధ్య ఫీలర్ గేజ్ పెట్టి చూస్తే ఒకచోట 0.15 మి.మీ., మరొకచోట అందులో సగము సందు ఉన్నది. కొన్ని మేలైన వైస్‌లలో మర బలమును ఏటవాలు ముఖముమీద పడేటట్లు చేసి దవడను ముందుకు, కిందికి ఒకేసారి లాగే ఏర్పాటు ఉంటుంది. మా చిన్న వైస్‌లో ఆ సౌకర్యము లేదు. లేనిదానికి చింతించక ఉన్న పట్టీనే సరిచేయ నిశ్చయించాము.

జారుదారి పైముఖము నున్నగా ఉన్నది కాని అడుగుముఖము పోతపోసినది పోసినట్లే గరుకుగా ఉన్నది. కంటికి కనబడని చోటు కనుక చేసినవారు దానిని వదలివేశారు. ముందుగా దానిని ఆకురాయితో, తరువాత స్క్రేపరుతో సమము చేశాము. కాని అడుగును సమము చేస్తే సందు తగ్గదు, పెరుగుతుంది. సందు తగ్గవలెనంటే పట్టీ పైకి రావలెను. పట్టీ బిగిసేది దవడనుండి కిందికి దిగిన నాలుక వంటి భాగమునకు. ఆ నాలుక కొనను కొంచెము పొట్టిచేస్తే పట్టీ అంతమేర పైకి వస్తుంది. దళసరి అద్దముమీద ఎమరీ కాగితము పరచి, నూనె వేసి, ఆ కొనను దానిమీద రుద్దాము. పది మారులు రుద్దుట, బిగించి చూచుట, విప్పుట. ఎక్కువ రుద్దితే దవడ బిగుసుకొనిపోయి జరగదు. తక్కువైతే సందు మిగులుతుంది. చివరకు దవడ చేతితో నెట్టితే మెత్తగా జరుగుతూ, సందు 0.03 మి.మీ. కంటె మించని స్థితికి వచ్చినది. నూనె వేసి బిగిస్తే దవడ లేచుట 0.02 మి.మీ. మాత్రమే.

తరువాత వైస్‌ను బల్లమీద నిలుపుట. దాని కింద కోణములు త్రిప్పుకొనుటకు గుండ్రని పీఠము ఒకటి ఉండేది. కోణపు పని మాకు ఏడాదికి ఒకటి రెండుసార్లకు మించి రాదు. ఆ పీఠము మాత్రము నిత్యము 30 మి.మీ. ఎత్తు తినివేస్తున్నది. చిన్న యంత్రములో కట్టరుకు, బల్లకు మధ్య ఉండే ఎడము ఎంతో విలువైనది. పైగా అతుకు ఒకటి తగ్గితే అదురు కూడ తగ్గుతుంది. కనుక పీఠమును తీసి, నూనె పూసి భద్రపరచి, వైస్‌ను నేరుగా బల్లకే బిగించాము.

బిగించే ముందు బల్లను గుడ్డతో తుడిచి, ఆపైన అరచేతితో తడిమి చూచుట అలవాటు చేసుకొన్నాము. కంటికి కనబడని రజను రేణువు చేతికి తగులుతుంది. ఒక బోల్టును కొంచెము బిగువుగా, రెండవదానిని వదులుగా ఉంచి, డయల్ గేజ్‌ను స్థిరమైన దవడకు ఆనించి బల్లను జరపాలి. కదిలే దవడకు ఆనించరాదు. కదిలేదానిని ఆధారముగా తీసుకొంటే కొలత ప్రతిసారీ మారుతుంది. మొదటిసారి 100 మి.మీ.లో 0.30 తేడా వచ్చినది. రబ్బరు సుత్తితో మెల్లగా తట్టుతూ మూడు నాలుగు మారులు అటు ఇటు చూచి 0.01కి తెచ్చాము. బోల్టులు రెండూ పూర్తిగా బిగించిన పిదప మరల చూచుట అతిముఖ్యము. బిగించునప్పుడే వైస్ కొంచెము జరుగుతుంది.

ఇక పనిముక్కను పట్టే విధానము. దిమ్మ కింద పెట్టే సమాంతరపు పట్టీలకు, దిమ్మకు మధ్య నాలుగు మూలలా సన్నని కాగితపు ముక్కలు ఉంచి, బిగించి, రబ్బరు సుత్తితో తట్టి, ఒక్కొక్క కాగితమును లాగి చూడాలి. నాలుగూ గట్టిగా నిలిస్తే దిమ్మ సరిగా కూర్చొన్నది. ఒకటి ఊడి వస్తే అక్కడ సందు ఉన్నది. పోత లేక రంపముతో కోసిన గరుకు దిమ్మ అయితే కదిలే దవడకు, దిమ్మకు మధ్య గుండ్రని ఇత్తడి కడ్డీ ఒకటి అడ్డముగా పెట్టాలి. కడ్డీ ఒకే గీతమీద అదుముటవలన దిమ్మ తన వంకరను పక్కనపెట్టి స్థిరమైన దవడకు పూర్తిగా ఆనుతుంది. ఈ రెండు ఉపాయములకూ ఖర్చు లేదు. ఇవి తెలిసియుంటే పాత వైస్‌తోనే ఆ దిమ్మలు సరిగా వచ్చియుండేవేమో. మేమూ ఎరుగము, కనుక అతనికీ చెప్పలేదు.

పని ముగిసిన దినమున ఒక దిమ్మ కోశాము. నాలుగు మూలలా కొలిచాము. 25.00, 25.00, 24.99, 24.98. మాలో ఎవరికీ సంతోషము కలుగలేదు. అందరికీ ఒకే సంగతి గుర్తుకువచ్చినది.

నలుగురమూ కలిసి హాస్టలుకు వెళ్లాము. అతడు మమ్మును చూచి లేచి నిలబడి "రండన్నా" అన్నాడు. ఆ మర్యాద మాకు ఇంకను భారమైనది. అతని పాత దిమ్మ ఒకటి, మా తప్పు దిమ్మ ఒకటి, ఆనాటి సరియైన దిమ్మ ఒకటి మంచముమీద వరుసగా పెట్టాము. "తప్పు నీది కాదు తమ్ముడూ. వైస్‌ది. దానిని చూడకుండా నిన్ను అన్నందుకు మాది" అని చెప్పాము. సైకిలు దుకాణము మాటకు కూడ పేరుపెట్టి క్షమాపణ అడిగాము. అతడు చాలసేపు మాట్లాడలేదు. మొదటి దిమ్మను చేతిలోకి తీసుకొని "ఇంటికి పోయినప్పుడు మా నాయనకు చూపించాను. పట్టినదాంట్లో లోపమున్నదేమో చూడరా అన్నాడు. మీకు చెప్పాలనుకొన్నాను, చెప్పలేకపోయాను" అన్నాడు.

వైస్‌ను కంటితో చూడకయే, ఊరిలో సైకిలు చక్రములు సరిచేసే మనిషి గ్రహించిన సంగతిని, చేతిలో డయల్ గేజ్ ఉండి కూడ మేము గ్రహించలేదు. వంకర చక్రమును సరిచేసేవాడు మొదట ఇరుసును చూస్తాడు. మేము అసలు చూడవలసినదానినే చూడలేదు.

మరునాడు అతడు వర్క్‌షాపునకు వచ్చాడు. వైస్ హ్యాండిలు త్రిప్పి చూచి, "మర దవడను నెట్టేచోట ఒరుసుకొంటున్నది అన్నా, సైకిలు హ్యాండిలు కింద ఉన్నట్లు ఇక్కడ గుండ్లు ఉంటే తేలికగా తిరుగుతుంది" అన్నాడు. తలా కొంత వేసుకొని బజారులో తగిన థ్రస్ట్ బేరింగు ఒకటి కొని, అతనిచేతనే అమర్పించాము. ఇప్పుడు తక్కువ బలముతోనే గట్టి పట్టు వస్తున్నది. హ్యాండిలును సుత్తితో కొట్టే దురలవాటు కూడ తగ్గినది. సున్నితమైన పనులకై అల్యూమినియము దవడ పలకలు ఒక జత కూడ అతడే చేశాడు. వాటిని వైస్‌లో బిగించిన పిదప, అదే యంత్రముతో వాటిలో 3 మి.మీ. లోతు మెట్టు కోశాడు. యంత్రమే కోసిన మెట్టు కనుక అది యంత్రపు నడకకు సమాంతరముగానే ఉంటుంది.

రిజిస్టరులో ఎర్రసిరా మాటను చెరిపివేయుదమా అని ఉస్తాద్‌సాబ్‌ను అడిగాము. "చెరపవద్దు. పక్కన నిజము వ్రాసి సంతకములు పెట్టండి" అన్నారు. వ్రాశాము. "వైస్ దోషము, కొలిచినవారు పరీక్షింపలేదు" అని నలుగురమూ సంతకములు చేశాము. ఆ పుట ఇప్పటికీ అట్లే ఉన్నది. దాని కిందనే, ఇకమీదట ప్రతి టర్ము మొదట వైస్‌ను విప్పి, కడిగి, మూడు కొలతలు తీసి వ్రాయవలెనని ఒక నియమము కూడ చేర్చాము: అడుగు సమాంతరము, స్థిరమైన దవడ నిలువు, కదిలే దవడ లేచుట.

కళాశాల కమిటీ వారికి ఒక విన్నపము. ఈ వైస్‌ను పాతసామానులో చేర్చి కొత్తది కొనవలెనని మేమే లోగడ అర్జీ పెట్టుకొన్నాము. దానిని దయతో ఉపసంహరించుకొనుటకు అనుమతింపగోరుతున్నాము. కొత్త వైస్ కొన్నప్పటికీ విప్పి, కొలిచి, సరిచేయనిదే దానిని నమ్మరాదని మాకు అనుభవమైనది. ఆ సొమ్ముతో మరొక డయల్ గేజ్, ఒక మంచి గునియా కొనియిచ్చిన యెడల చిన్న తరగతుల వారు ఎవరినీ అడుగకుండ తామే పరీక్షించుకొనగలరు. తమ పని సరియైనదో కాదో తెలుసుకొనే సాధనము వారి చేతిలోనే ఉండవలెను; పెద్ద తరగతుల వారి నోటిలో కాదు.

మేము ఈ యేడు కళాశాల విడిచి వెళ్లుచున్నాము. కిటికీ పక్కన ఆ చిన్న యంత్రము ఉంటుంది. దానిమీద శికంజా ఉంటుంది. తరువాత రాబోయే తమ్ములలో ఎవరి దిమ్మ అయినా వంకరగా వస్తే, రిజిస్టరు తెరువక ముందు స్థిరమైన దవడకు డయల్ గేజ్ ఆనించి చూడుడని మాత్రము ప్రార్థిస్తున్నాము.